కొద్ది దినముల పరిచర్యలో దేవుని నడిపింపు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 16:6–15, 40
కంఠత వాక్యము: సామెతలు 16:9
తోడుగా చదువవలసినవి: అపొ. కార్య. 13:1–3, 14:26–28, యాకోబు 4:13–15



మన సంఘములలో కొన్ని సంవత్సరములుగా ఒక మంచి అలవాటు కనబడుచున్నది. సెలవు దినములలో నలుగురైదుగురు కలసి, పది పదిహేను దినముల కొరకు పొరుగు దేశమునకు పరిచర్యకు వెళ్లి వచ్చుచున్నారు. వెళ్లువారు సంఘము ఎదుట నిలిచి, దేవుడు మమ్మును నడిపించుచున్నాడని సాక్ష్యమిత్తురు. సంఘము ప్రార్థించి, కానుక ఇచ్చి పంపును. ఇది సంతోషించదగినది.

అయితే ఆ మాటకు అర్థమేమి? దేవుని నడిపింపు మనకు ఎట్లు తెలియును? వేసుకొన్న కార్యక్రమము తారుమారైనప్పుడు నడిపింపు తప్పిపోయినట్లా? మన మనస్సులో పుట్టిన ప్రతి ఆశను దేవుని నడిపింపు అనవచ్చునా? ఈ ప్రశ్నలకు వాక్యములో జవాబు వెదకుదము. 2019 సెప్టెంబరులో మా సంఘము నుండి ఐదుగురము నేపాలుకు వెళ్లి పదమూడు దినములలో తిరిగి వచ్చితిమి. ఆ ప్రయాణములో మేము నేర్చుకొన్న సంగతులు ఈ పాఠమునకు తోడ్పడును. అందులో మా తప్పు కూడ ఉన్నది. దానిని దాచక వ్రాయుచున్నాము.

1. మూసిన ద్వారము కూడ నడిపింపే (16:6–8)

పౌలు, సీల, తిమోతి ఆసియలో వాక్యము చెప్పవలెనని వెళ్లిరి. పరిశుద్ధాత్మ వారిని ఆటంకపరచెను. బితూనియకు వెళ్ల ప్రయత్నించిరి. యేసుయొక్క ఆత్మ వెళ్లనియ్యలేదు. గమనించుడి, వారు చెడ్డ పనికి బయలుదేరలేదు. సువార్త కొరకే బయలుదేరిరి. ఉద్దేశము మంచిది, మనుష్యులు మంచివారు, అయినను రెండు సార్లు ద్వారము మూయబడెను. ఎందుకని లూకా వ్రాయలేదు. వారికి అప్పుడు కారణము తెలిసినట్లు కనబడదు.

మేము బెంగుళూరులో రైలు ఎక్కినప్పుడు మా చేతిలో టైపు చేసిన కార్యక్రమము నాలుగు ప్రతులు ఉండెను. మూడు సాయంకాలములు బహిరంగ కూటములు, ఒక యౌవనుల కూటము, ఒక స్త్రీల కూటము, ఆదివారము ఉదయము ప్రధాన ఆరాధనలో మా ప్రసంగము. రెండు దినముల రైలు ప్రయాణము తరువాత గోరఖ్‌పూరులో దిగి, సునౌలి యొద్ద సరిహద్దు దాటి, శుక్రవారము బస్సు ఎక్కితిమి. ఆ రాత్రికి చేరవలెను. ముగ్లింగ్‌కు ఇవతల కొండచరియ విరిగి రోడ్డుమీద పడెను. ముందు బస్సులు, వెనుక లారీలు. రాత్రంతయు వర్షములో బస్సులోనే కూర్చుంటిమి. మరునాడు మధ్యాహ్నమునకు గాని దారి తీయలేదు. కాఠ్మాండుకు పడమరగానున్న కొండ జిల్లాలో మమ్మును పిలిచిన సంఘమునకు శనివారము చీకటి పడిన తరువాత చేరితిమి.

అప్పుడు మాకు తెలిసిన సంగతి ఇది. నేపాలులో వారపు సెలవు శనివారము గనుక అక్కడి సంఘములు సామాన్యముగా శనివారమే ఆరాధించుచున్నవి. ఆ దినము వారు మా కొరకు మధ్యాహ్నము దాటువరకు కనిపెట్టి, తరువాత ఇండ్లకు వెళ్లిపోయిరి. మరునాడు ఆదివారము బడి ఉండెను, పొలము పని ఉండెను. మా కాగితములో ఆదివారము ఉదయమని వ్రాసిన ప్రసంగమునకు వినువారు లేరు. ఆరాధన ఏ దినమని మేము వారిని ఒక్కసారి అడిగియుండవచ్చును. అడుగలేదు. మనకు ఆదివారమైతే అందరికి ఆదివారమే అనుకొంటిమి.

కొండచరియ మా చేతిలోనిది కాదు. అడుగకపోవుట మాత్రము మా నిర్లక్ష్యము. ఈ రెండింటిని కలిపివేసి, సాతాను అడ్డగించెనని చెప్పుట సులువు. అట్లు చెప్పిన యెడల మనము నేర్చుకొనునది ఏమియు ఉండదు.

ద్వారము మూయబడినప్పుడు దాని యెదుట ఓపికతో నిలిచిన వారిని కూడ ఇక్కడ జ్ఞాపకము చేసికొందము. నేపాలు దేశము 1951 వరకు విదేశీయులకు మూసియుండెను. డాక్టర్ లిల్లీ ఓహాన్లన్, హిల్డా స్టీల్ అను ఇద్దరు స్త్రీలు 1943లో ఒక మిషను స్థాపించి, సునౌలికి సమీపమున మన దేశములోనే ఉన్న నౌతన్‌వా అను సరిహద్దు ఊరిలో వైద్యము చేయుచు, నేపాలీ విశ్వాసులతో కలసి ప్రార్థించుచు కనిపెట్టిరి. 1952లో ద్వారము తెరవబడగా, ఆ నేపాలీ విశ్వాసులతో కూడ పోఖరాకు వెళ్లిరి. మేము ఒక్క రాత్రి బస్సులో కూర్చుండి సణిగితిమి. వారు సంవత్సరముల తరబడి సరిహద్దున ఉండి రోగులకు కట్లు కట్టిరి. కనిపెట్టిన ఆ కాలము వారికి వ్యర్థకాలము కాలేదు. అదియే వారి పరిచర్య ఆయెను.

2. నడిపింపు పదిమందిలో తేటపడును (16:9–10)

త్రోయలో రాత్రివేళ పౌలుకు దర్శనము కలిగెను. మాసిదోనియ వాడొకడు వచ్చి సహాయము చేయుమని వేడుకొనెను. దర్శనము చూచినవాడు పౌలు ఒక్కడే. అయితే పదియవ వచనము జాగ్రత్తగా చదువుడి. బయలుదేరుటకు యత్నము చేసినవారును, దేవుడు పిలిచెనని నిశ్చయించుకొన్నవారును బహువచనములో ఉన్నారు. లూకా తన్ను కూడ చేర్చుకొని “మేము” అను ధోరణిలో వ్రాయుట ఈ వచనముతోనే ఆరంభమగుచున్నది. ఒకడు చూచెను, అందరు కలసి ఆలోచించిరి, అందరు కలసి లేచిరి.

దీనికి ముందు అంతియొకయలో కూడ ఇట్లే జరిగెను. పరిశుద్ధాత్మ మాటలాడినది సంఘము ఉపవాసముతో ఆరాధించుచున్నప్పుడు. బర్నబా, సౌలుల మీద చేతులుంచి పంపినది సంఘమే.

మన పూర్వులు కూడ ఈ మార్గమునే నడిచిరి. 1903లో మన తెలుగు బాప్తిస్టు సంఘములు తమ హోమ్ మిషను ద్వారా జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పంపెను. చెరకు తోటలకును టీ తోటలకును కూలికి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఆయన కాపరి ఆయెను. 1903 డిసెంబరులో కీర్స్‌నీ అనుచోట సంఘము ఏర్పడెను. ఆయన 1915లో మరణించు వరకు అక్కడి పని విడువలేదు. అది కొద్ది దినముల ప్రయాణము కాదు గనుక మన ప్రయాణములతో సరిపోల్చజాలము. అయినను ఒక సంగతి మనకును వర్తించును. ఆయన తనంతట తాను వెళ్లలేదు, పంపబడెను.

కాబట్టి “నాకు నడిపింపు కలిగినది” అని ఒకరు చెప్పినప్పుడు సంఘము దానిని తృణీకరింపరాదు, పరీక్షింపకయు ఉండరాదు. పంపు సంఘము ఒప్పుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా చేర్చుకొను సంఘము ఒప్పుకొనవలెను. ఈ రెండవ దానిని మనము తరచుగా మరచిపోవుచున్నాము. మేము మరచిన విధము చెప్పెదము.

3. మా తప్పు

నేపాలు 2015 రాజ్యాంగము 26వ అధికరణములో తన మతము తాను ఆచరించుకొను హక్కు ఇచ్చుచునే, ఇతరుల మతము మార్చుటను నిషేధించుచున్నది. 2018 ఆగస్టు నుండి అమలులోనున్న శిక్షాస్మృతిలో 158వ సెక్షను ప్రకారము ఆ నేరమునకు ఐదేండ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. నేరస్థుడు విదేశీయుడైతే శిక్ష ముగిసిన పిదప దేశము నుండి పంపివేయుదురు.

మేము బయలుదేరక ముందే అక్కడి కాపరి గారు ఫోనులో స్పష్టముగా చెప్పిరి: బహిరంగ కూటములు వద్దు, కరపత్రములు తేవద్దు, మా విశ్వాసులతో కూర్చుండి వారిని బలపరచిన చాలును. మేము సరేనంటిమి. అయినను కూటములను కార్యక్రమములో నుండి కొట్టివేయలేదు. అక్కడికి చేరిన తరువాత ఆయన మనస్సు మారవచ్చునని అనుకొంటిమి. గోరఖ్‌పూరులో నేపాలీ కరపత్రముల కట్ట ఒకటి కొని సంచి అడుగున పెట్టితిమి. జట్టులో వయసున పెద్దవారమైన మేమే ఆ పని చేసితిమి. చిన్నవారికి చెప్పలేదు.

ఆదివారము ఖాళీగా గడిచెను. సోమవారము సాయంకాలము బజారులో టీ కొట్టు యొద్ద పదిమంది కూర్చుండిరి. మా హృదయములో ఒక తొందర పుట్టెను. ఇది ఆత్మ ప్రేరేపణయే అనుకొని, అక్కడున్న ప్రతివానికి ఒక కరపత్రము ఇచ్చి వచ్చితిమి. ఆ రాత్రి ఎంతో సంతోషముగా నిద్రించితిమి.

మంగళవారము ఉదయము ఇద్దరు మనుష్యులు కాపరి గారి ఇంటికి వచ్చిరి. తరువాత వార్డు ఆఫీసు నుండి పిలుపు వచ్చెను. ఆయన వెళ్లి సాయంకాలము వరకు అక్కడ కూర్చుండెను. ఆయన భార్య మాకు అన్నము, పప్పు వడ్డించి, తాను తినక, వాకిట నిలిచి దారి చూచుచుండెను. మేము ఐదుగురము ఆ చిన్న గదిలో మోకాళ్లూని ప్రార్థించితిమి గాని, మా నోట మాట సరిగా రాలేదు.

చీకటి పడుచుండగా ఆయన తిరిగి వచ్చెను. కేసు పెట్టలేదు, హెచ్చరించి పంపిరి. మమ్మును గద్దింపలేదు. హిందీలో ఒక్క మాట అనెను. “పెద్దన్నయ్యా, గురువారము మీకు బస్సు టిక్కెట్టు ఉన్నది. నా పిల్లలు ఇక్కడే బడికి పోవలెను.”

ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది. మిగిలిన కరపత్రములు ఆయన చేతికి ఇచ్చి క్షమాపణ వేడుకొంటిమి. మరునాడు జట్టులోని నలుగురి ఎదుట కూడ ఒప్పుకొంటిమి.

తరువాత మా హృదయమును పరిశోధించుకొంటిమి. ఆ సాయంకాలపు తొందర ఎక్కడనుండి వచ్చెను? సంఘము మా చేతిలో కానుక పెట్టి పంపెను. తిరిగి వెళ్లి పులుపిటమీద నిలిచినప్పుడు చెప్పుకొనుటకు ఒక సంగతి కావలెను. కొండచరియ వలన ఒక దినము పోయెను, ఆదివారము పోయెను, ఏమి చెప్పుదుము? ఆ భయమే మమ్మును టీ కొట్టుకు నడిపించెను. దానికి దేవుని పేరు పెట్టితిమి. కరపత్రము పంచుట పాపమని మేము చెప్పుట లేదు. ఇచ్చిన మాట తప్పి, మన ధైర్యమునకు మరియొకని చేత మూల్యము కట్టించుట పాపము. శ్రమలు వచ్చినను వెరవరాదని కొందరు అనవచ్చును. నిజమే. అయితే ఆ శ్రమను ఎన్నుకొను హక్కు దానిని భరించువానిది, బస్సు ఎక్కి వెళ్లిపోవు మనది కాదు.

4. నదీతీరమున కూర్చుండుట (16:13–15, 40)

పౌలుకు దర్శనములో కనబడినది ఒక పురుషుడు. ఫిలిప్పీకి వెళ్లి చూడగా అట్టివాడు ఎదురుపడినట్లు లేఖనములో లేదు. విశ్రాంతిదినమున గవిని దాటి నదీతీరమునకు వెళ్లగా అక్కడ కూడివచ్చినవారు స్త్రీలు. వేదిక లేదు, గొప్ప సభ లేదు. వారు కూర్చుండి మాటలాడిరి. లూదియ హృదయమును తెరచినవాడు ప్రభువు.

ఈ లూదియ ఎవరు? ఊదారంగు వర్తకురాలు. ఆమె స్వస్థలము తుయతైర. ఆ తుయతైర ఎక్కడనున్నది? ఆసియలో. ఏ ఆసియలో మాటలాడకుండ ఆత్మ ఆటంకపరచెనో, ఆ ప్రాంతపు స్త్రీయే పరదేశములో మొదటిగా వాక్యము విని విశ్వసించెను. ద్వారము మూసినవాడు ఆసియను మరువలేదు. మరియొక సంగతి. లూదియ మనవంటిది. స్వస్థలము విడిచి, బ్రతుకుతెరువు కొరకు వేరొక ఊరిలో కాపురమున్నది. వలస వచ్చినవారిని దేవుడు తన పనికి వాడుకొనుట క్రొత్త సంగతి కాదు.

బుధవారము మాకు మిగిలిన ఒక్క దినము. కార్యక్రమపు కాగితము మడిచి పెట్టి, మేమేమి చేయవలెనని కాపరి గారినే అడిగితిమి. ఈ ప్రశ్న మొదటి దినముననే అడుగవలసినది. ఆయన, సండేస్కూలు చెప్పు ఏడుగురిని పిలిపింతును, వారితో కూర్చుండుడి అనెను. వారిలో ఆరుగురు స్త్రీలు. పాత క్యాలెండరు అట్టల మీద బొమ్మలు అతికి పాఠ్యోపకరణములు చేయుట చూపితిమి. ట్రెయినింగు కళాశాలలో నేర్చుకొని, ఉద్యోగమంతయు చేసిన పని గనుక అది మాకు చేతనైనది.

మధ్యాహ్నము వారిలో ఒక సహోదరి లేచి అడిగెను. తమ పిల్లలు ఇంటిలో తమాంగు భాష మాటలాడుదురు, బడిలో నేపాలీ చదువుదురు, బైబిలు నేపాలీలో నున్నది, చిన్నపిల్లలు కథ విని తల ఊపుదురు గాని తిరిగి చెప్పలేరు, ఏమి చేయవలెను?

మేము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. ఇది మన ఇంటి ప్రశ్న కాదా? ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. తమిళనాడులోని వారికి తమిళము, ఒడిశాలోని వారికి ఒడియా, షోలాపూరు, ముంబయిలోని వారికి మరాఠీ. మూడు తరములుగా మన సండేస్కూలులో ఈ సంగతితోనే పెనుగులాడుచున్నాము. మాకు తెలిసినది చెప్పితిమి: ముందు కథను తల్లిభాషలో చెప్పుడి, ఆ భాషలోనే పిల్లవానిచేత తిరిగి చెప్పించుడి, ఆ తరువాతనే బడి భాషలో బైబిలు తెరచి అదే కథ చదివించుడి. అమ్మమ్మను కూడ ఆ తరగతిలో కూర్చుండబెట్టుడి. అప్పటికప్పుడే ఆ సహోదరి తప్పిపోయిన గొర్రె కథను తమాంగులో చెప్పెను. తలుపు యొద్ద నిలిచి చూచుచున్న ముసలమ్మ ఒకతె లోపలికి వచ్చి కూర్చుండెను.

మేము మోసికొని వెళ్లిన ప్రసంగములు సంచిలోనే తిరిగి వచ్చెను. మేము భారమనుకొన్న మన రెండు భాషల బ్రతుకును ప్రభువు వాడుకొనెను. అది మా కాగితములో ఎక్కడను లేదు.

చివరగా నలుబదియవ వచనము చూడుడి. చెరసాలనుండి వెలుపలికి వచ్చిన పౌలు, సీల లూదియ ఇంటికి వెళ్లి, సహోదరులను ఆదరించి బయలుదేరి పోయిరి. ఆ ఊరిలో మిగిలిన సంఘము ఆ పట్టణపు వారి మధ్యనే బ్రతుకవలెను. వెళ్లువారి పని కొద్ది, ఉండువారి పని పెద్ద. ఉండువారిని ఆదరించి వచ్చుటయే కొద్ది దినముల పరిచర్యకు తగిన కొలత.

5. తిరిగి వచ్చి వివరించుట (14:26–28)

అంతియొకయకు తిరిగి వచ్చిన అపొస్తలులు సంఘమును సమకూర్చి, దేవుడు తమతో ఉండి చేసిన కార్యములను వివరించిరి. లుస్త్రలో పౌలు రాళ్లతో కొట్టబడిన సంగతిని, మార్గమధ్యమున మార్కు విడిచి వెళ్లిన సంగతిని కూడ లూకా దాచక వ్రాసియుంచెను. మేమును ఆదివారము ఇల్లు చేరి, మరుసటి ఆదివారము సంఘము ఎదుట కొండచరియను గూర్చియు, కరపత్రములను గూర్చియు, తమాంగు కథను గూర్చియు చెప్పితిమి. కొందరు నొచ్చుకొనిరి. ఒక వృద్ధురాలు మాత్రము ఆరాధన తరువాత వచ్చి, “బాబూ, ఆ పాస్టరమ్మ ఆ రాత్రి అన్నము తిన్నదా?” అని అడిగెను. ఆ నాటినుండి ఆ కుటుంబము కొరకు మా ప్రార్థన కూటములో ప్రార్థన జరుగుచున్నది.

వెళ్లబోవు వారికి కొన్ని మాటలు

చేర్చుకొను సంఘము వద్దన్న పనిని కార్యక్రమములో నుండి బయలుదేరక ముందే తీసివేయుడి. మీకేమి కావలెనని వారిని ముందుగా అడుగుడి.

ప్రయాణ పత్రముల విషయములో సత్యము చెప్పుడి. నేపాలుకు మనకు వీసా అక్కరలేదు. అయితే అనేక దేశములలో టూరిస్టు వీసామీద వెళ్లి ప్రసంగించుటకు అనుమతి లేదు. అధికారి యెదుట అబద్ధమాడి లోపలికి వెళ్లిన దానిని నడిపింపు అనకుడి.

హృదయములో తొందర పుట్టినప్పుడు జట్టువారితోను, అక్కడి పెద్దలతోను చెప్పుడి. వారికి చెప్పుటకు మనస్సు రాని యెడల అది మన స్వంత ఆశ అయియుండవచ్చును.

మన ఏర్పాట్లకు ముందు “ప్రభువు చిత్తమైతే” అను మాట ఉంచుమని యాకోబు బోధించుచున్నాడు. ఆ మాట నోట పలికిన చాలదు, కాగితము మీద కొంత స్థలము ఖాళీగా విడువవలెను.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. ఆసియకు, బితూనియకు ద్వారములు మూయబడినప్పుడు పౌలు ఏమి చేసెను? మీ జీవితములో మూయబడి, తరువాత మేలైన ద్వారమేది?
2. ఆత్మ ప్రేరేపణను, మన స్వంత తొందరను ఎట్లు వేరుపరచగలము?
3. మన సంఘమునకు ఇతర ప్రాంతముల నుండి జట్టు వచ్చినప్పుడు వారు మనలను ఏమి అడుగవలెనని మనము కోరుదుము?
4. రెండు మూడు భాషల మధ్య బ్రతుకుచున్న మన కుటుంబముల అనుభవము ఏ పరిచర్యకు ఉపయోగపడును?

ప్రార్థన

ప్రభువా, మా అడుగులను స్థిరపరచువాడవు నీవే. నీవు ద్వారము మూసినప్పుడు సణుగకుండ నిలుచుటకు, తెరచినప్పుడు అది చిన్న ద్వారమైనను వంగి ప్రవేశించుటకు మాకు వినయము దయచేయుము. మా స్వంత కోరికకు నీ నామము పెట్టకుండ మమ్మును కాపాడుము. మేము తిరిగి వచ్చిన పిదప అక్కడనే నిలిచియుండు మా సహోదరులను, వారి పిల్లలను నీ చేతిలో ఉంచుచున్నాము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.